కావడికి దారి ఇవ్వండి

మా తమ్ముడి మనవడు ఏప్రిల్‌లో బ్యాంకాక్ పోయొచ్చాడు. సాంగ్‌క్రాన్ చూడాలని వాడి ముచ్చట. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా జరిగే థాయివాళ్ల సంవత్సరాది అది. 2023లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేరింది. పోయే ముందు వాడు ఎన్ని సంగతులు నేర్చుకున్నాడో! బుద్ధుడి విగ్రహం వైపు పాదాలు చాపి కూర్చోకూడదు. ఎవరి తలా తాకకూడదు. భిక్షువులను ఆడవాళ్లు ముట్టుకోకూడదు. గుడికి భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలతో వెళ్లాలి. పెద్దవాళ్ల చేతుల మీద సువాసన నీళ్లు పోసి దీవెన అందుకోవాలి. అన్నీ తు.చ. తప్పకుండా పాటించాడు. విని సంతోషించాను. పరాయి ఊరి పండగకు పోయినవాడు అలాగే నడుచుకోవాలి.

ఆ పిల్లవాడే నిరుడు తమిళుల ఆడి మాసంలో వచ్చే ఆడికృత్తికకు తిరుత్తణి మురుగన్ కొండకు వచ్చి, కావడి మోసుకొస్తున్న మనిషికి అడ్డంగా నిలబడి ఫొటో తీశాడు. వాణ్ణొక్కణ్ణే అనడం న్యాయం కాదు, వాడి చుట్టూ అట్లాంటివాళ్లు వందమంది. బ్యాంకాక్‌లో తాను అతిథినని గుర్తుంది. తిరుత్తణికి వచ్చేసరికి మన గుడే కదా, మనల్నెవరు అడుగుతారన్న ధీమా. నన్ను బాధ పెట్టేది ఈ ధీమానే.

మాది నగరి పక్క పల్లె. నా చిన్నతనంలో తిరుత్తణి మా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. మధ్యవర్తి పటాస్కర్ తీర్పును బట్టి సరిహద్దు మార్చి, 1960 ఏప్రిల్ 1న దాన్ని మద్రాసు రాష్ట్రంలో కలిపారు. పెద్దవాళ్లు బాధపడ్డారు, అరుగుల మీద వాదించుకున్నారు. ఆడి మాసం రాగానే మాత్రం ఎప్పటిలాగే కావళ్లు కట్టారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఆ ఊళ్లో ఇప్పటికీ తెలుగు మాట వినబడుతుంది. అయినా మా జేజి ఒక్కటే చెప్పేది: కొండకు పోతే మనం స్వామి ఇంటికి చుట్టాలం, చుట్టాలు చుట్టాల్లాగానే ఉండాలని.

మా రోజుల్లో మొక్కుకున్నవాడు ముందునుంచే నీసు మాని, నేలమీద పడుకుని, పసుపు బట్ట కట్టేవాడు. కావడి ఇంట్లోనే కట్టుకునేవాళ్లు. దండె కడిగి పసుపు రాసి, మీద నెమలి పింఛాలు కట్టి, రెండు పక్కలా పూలదండలు వేలాడదీసేవాళ్లు. తిరుత్తణి ఆడికృత్తిక అంటేనే పూల కావళ్ల పండగ. చీకటుండగానే ‘అరోహరా’ అంటూ బయలుదేరితే, చెప్పుల్లేకుండా నడకే. దారిలో పల్లెలవాళ్లు బిందెలతో ఎదురొచ్చి కావడి మోసేవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసి, మజ్జిగ ఇచ్చేవాళ్లు. కావడి మొయ్యని మాకూ పని ఉండేది. చెంబు పట్టుకోవడం, ముళ్లు తీసెయ్యడం, ముందు నడిచి దారి చెయ్యడం. కావడికి ఎదురు నడవకూడదు, దాన్ని దాటకూడదు, పూనకం వచ్చిన మనిషి చుట్టూ గుమిగూడి చూడకూడదు. ఇవన్నీ మాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చెయ్యకూడనిది చేస్తే నెత్తిన మొట్టికాయ పడేది, అంతే.

ఇప్పుడు పూనకం వస్తే చాలు, చుట్టూ చేతులు పైకి లేస్తాయి, ప్రతి చేతిలో ఫోను. ఆ మనిషి ఏడుస్తున్నాడో, ఎవరి జబ్బు నయమైందని మొక్కు తీర్చుకుంటున్నాడో వీళ్లకు అక్కర్లేదు. సాయంత్రానికల్లా అతని ముఖం ఊరూ పేరూ తెలియని వేలమంది ఫోన్లలో ఉంటుంది. అడిగారా? అడగలేదు. థాయిలాండ్‌లో అయితే అడిగేవాళ్లు.

ఇంకో సంగతి. కార్తీకంలో స్కంద షష్ఠికి వచ్చి ‘సూరసంహారం ఎన్ని గంటలకు?’ అని వాకబు చేసేవాళ్లున్నారు. మిగతా మురుగన్ క్షేత్రాల్లో చేస్తారు కానీ తిరుత్తణిలో చెయ్యరు. అసురుణ్ణి చంపిన కోపం స్వామి చల్లార్చుకున్నది ఈ కొండ మీదనే. అందుకే ఆ రోజు ఇక్కడ యుద్ధం ఉండదు, పూలతో అర్చన ఉంటుంది. ఇది తెలుసుకుని వచ్చినవాడికి ఆ పూలరాశి చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. తెలియక వచ్చినవాడు ఏమీ జరగలేదని విసుక్కుంటూ దిగిపోతాడు.

ఇక తిరుత్తణి విడిచి తిరువళ్లూరు తై అమావాస్య సంగతికి వస్తే నా గొంతు ఇంకా పెరుగుతుంది. అది మన పుష్య బహుళ అమావాస్య. వీరరాఘవస్వామి అక్కడ శయనించి, శాలిహోత్ర మహర్షి తల మీద చెయ్యి ఉంచి ఉంటాడు. పడుకోవడానికి చోటేదని ఆ మహర్షినే అడిగాడట స్వామి. అందుకే మా పెద్దలు ముందు రోజే చేరుకుని, ఆ రాత్రి అక్కడే నిద్ర చేసి, తెల్లవారి హృత్తాపనాశిని కోనేట్లో మునిగి, పోయినవాళ్లకు తర్పణాలు వదిలేవాళ్లు. ఆయనను వైద్య వీరరాఘవుడంటారు. జబ్బులు కరిగిపోవాలని కోనేట్లో బెల్లం వేస్తారు, ఉప్పూ మిరియాలూ సమర్పిస్తారు. మా రోజుల్లో సబ్బు సంచిలోంచి బయటికి తీస్తే పక్కవాళ్లే ఊరుకునేవాళ్లు కాదు. ఇప్పుడు మెట్ల మీద షాంపూ పొట్లాలు జారుతుంటాయి. తల్లికి నువ్వులూ నీళ్లూ వదులుతున్న కొడుకు వెనకే ఎవరో నవ్వుతూ సెల్ఫీ దిగుతుంటారు. అటు చూడలేక తల తిప్పుకున్నాను.

అన్నీ చెడిపోయాయని అనను. ఆడవాళ్లకు మరుగు లేక మా అమ్మ, జేజి పడిన అవస్థ పగవాళ్లకు కూడా వద్దు. ఇప్పుడు మరుగుదొడ్లు ఉన్నాయి, తాగునీళ్లున్నాయి, మద్రాసు నుంచి లోకల్ రైలు తిరుత్తణి దాకా వస్తుంది. అక్కడ డిసెంబరు 31 రాత్రి చేసే పడిపూజ, అంటే మెట్ల పూజ, చెక్కుచెదరలేదు. తెల్లదొరల కాలంలో కొత్త సంవత్సరానికి దొరల ఇళ్ల ముందు నిలబడే జనాన్ని, ముందు స్వామి మెట్లెక్కండని మళ్లించారు వళ్లిమలై సచ్చిదానంద స్వామి. 365 మెట్లు, ఏడాదికెన్ని రోజులో అన్ని. మెట్టుకో కర్పూరం, మెట్టుకో తిరుప్పుగళ్ పాట. అరవం రానివాడు కూడా ఆ గుంపు వెనక నెమ్మదిగా ఎక్కవచ్చు. తోసుకుని ముందుకు పోకుండా ఉంటే చాలు, వాళ్లే పక్కన చోటిచ్చి చేతిలో కర్పూరం పెడతారు.

కొండపైకి కార్లు పోయే రోడ్డు వేశారు. మోకాళ్లు అరిగిన నాలాంటివాళ్లకు అది మేలే, నేనూ ఆ దారినే పోతున్నాను. కావడి వెనక హారను కొట్టడం మాత్రం నేను సహించను. నిరుడు ఒకాయన కొడితే ఎదురెళ్లి అద్దం దించమని చెప్పాను. ఆడి మాసంలో ఈ దారి కావడిది, మీరు ఆగండి అన్నాను. ఆగాడు. ఈసారి కొట్టినవాళ్లకు కూడా చెప్తాను.