అమ్మే ఇంటికి రంగులు వేయకండి

పాత ఫ్లాటు అమ్మకానికి పెట్టామని తెలియగానే చుట్టాలైనా బ్రోకరైనా చెప్పే మొదటి మాట ఒకటే: ముందు రంగులేయించండి. రెండు బెడ్రూముల ఫ్లాటుకి లప్పం పెట్టి ఎమల్షన్ కొట్టిస్తే 50 వేలు తేలిగ్గా దాటుతుంది. ఆ డబ్బు దండగ. పైగా కొత్త రంగు మీకే అడ్డం తిరుగుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో ఇరవై ఏళ్ల కిందటి అపార్ట్‌మెంటులో గోడలు తళతళలాడుతుంటే, చూడవచ్చినవాళ్లకి ముందు పుట్టేది అనుమానం. రంగు వాసన ముక్కుకి తగిలిన క్షణం నుంచి ప్రతి గోడా తట్టి చూస్తారు. అందుకే గోడలు ఉన్నవి ఉన్నట్టు వదిలేయండి, పిల్లల పెన్సిలు గీతలతో సహా.

ఉన్న కాస్త డబ్బూ ప్లంబరుకి పెట్టండి. బాత్రూముని ఆనుకున్న బెడ్రూము గోడ దగ్గర ఒకసారి కూర్చోండి. నేల నుంచి జానెడు ఎత్తున రంగు పొక్కులు లేచి, గోటితో గీకితే తెల్లటి ఉప్పులాంటి పొడి రాలుతోందా? అక్కడే బేరాలు చెడతాయి. అందరూ ఏం చేస్తారంటే, దాన్ని గీకి మళ్లీ లప్పం పెడతారు, లేదంటే బీరువా అడ్డం జరుపుతారు. లోపల చెమ్మ ఉన్నంతకాలం పైన ఏం పూసినా నిలవదు. నీళ్లు గోడలోని లవణాల్ని మోసుకొస్తాయి. నీళ్లు ఆరిపోతాయి, లవణాలు పేరుకుని పూతని బయటికి తోసేస్తాయి. కొన్న నాలుగు నెలలకే కొత్త యజమాని చేతిలోకి పెచ్చు ఊడొస్తుంది.

ముందు ఒక పని చేయండి. ఆ మచ్చ మీద చదరపు అడుగు పాలిథిన్ కవరు పరిచి, నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అతికించి, ఒకరోజు వదిలేయండి. కవరు లోపలి వైపు, అంటే గోడ వైపు, నీటి బొట్లు పడితే తడి గోడలోంచే వస్తోందన్నమాట. అప్పుడు అవతల బాత్రూములో టైల్స్ సందుల్లో పాత సిమెంటు గీకించి కొత్తగా నింపించండి, నహానీ ట్రాప్ చుట్టూ పగుళ్లు మూయించండి, పైపు జాయింట్లు చూపించండి. లోపల పైపే పగిలి ఉంటే తప్ప, ఇల్లంతా రంగులేయించే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. కవరు తీసేయండి. గోడ ఆరడానికి వారాలు పడుతుంది, ఓపిక పట్టండి. ఆరాక మచ్చ మీద చెయ్యి వేయకండి. ఇంకో కవరు అలాగే అతికించి, చూడవచ్చినవాళ్లకి కనిపించేలా ఉంచండి. పక్కనే ప్లంబరు బిల్లు పిన్ను చేయండి. పొడిగా ఉన్న ఆ కవరు ముందు నిలబడ్డవాళ్లకి ఇక మీరు చెప్పేదేమీ ఉండదు. సోఫా కవర్లూ పూలకుండీలూ చేయలేని పని అది చేస్తుంది.

వచ్చినవాళ్లని హాల్లో కూర్చోబెట్టి జ్యూసులివ్వకండి. తిన్నగా ఆ మచ్చ దగ్గరికి తీసుకెళ్లండి. తర్వాత సరిగా మూసుకోని బాల్కనీ తలుపు, తర్వాత పగిలిన సింకు. హాలు ఆఖర్న చూపించండి. చెడ్డది ముందు చూసినవాళ్ల కళ్లకి మంచిది ఇంకా బాగుంటుందనే లెక్క కూడా లేకపోలేదు, కానీ నేను ఇలా చెప్పడానికి కారణం అది కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ తీసి చూడండి. అమ్మేవాళ్లకి తెలిసి, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఇంట్లో ఉన్నా, హక్కులో ఉన్నా, వేరే ఒప్పందం లేనప్పుడు చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్లదే. చెప్పకపోవడాన్ని ఆ సెక్షన్ మోసం కిందే జమకడుతుంది. నూట నలభై ఏళ్ల కిందటే ఇంత తేటగా రాసిపెట్టినా, మనం ఇల్లమ్మడమంటే పైన పటారం చేయడమనే అనుకుంటున్నాం. నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది. అవతల కొనేది ఎవరు? సొంతింటి కోసం పీఎఫ్ ఊడ్చి, ఇరవై ఏళ్ల ఈఎంఐ నెత్తిన పెట్టుకుంటున్న మనలాంటివాళ్లే కదా.

ఇక ముహూర్తం. ఆషాఢంలో ఎవరూ కొనరు, ఇల్లు చూపించకండి అంటారు. ఆషాఢంలోనే చూపించండి. ఆ నెలకి మామూలుగా వానలు పట్టుకుంటాయి. శ్లాబు కారుతుందో లేదో, సెల్లారులోకి నీళ్లు వస్తాయో లేదో, మీ సందులో మోకాటిలోతు నీళ్లు నిలుస్తాయో లేదో కళ్లారా చూస్తారు. కాలక్షేపానికి ఇళ్లు చూసేవాళ్లు ఆ వానలో గొడుగేసుకుని రారు, నిజంగా ఇల్లు కావాల్సినవాళ్లే వస్తారు. అడ్వాన్సు శ్రావణంలో ఇస్తామంటారా, మంచిదే. ఈలోపు వాళ్ల లాయరు కాగితాలు చూసుకుంటాడు.

వాన లేని నెలయితే పడమటి బెడ్రూముని మధ్యాహ్నం నాలుగింటికి చూపించండి, ఫ్యాను ఆపేసి. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఇల్లయితే రాని రోజే పిలవండి. బోరు మోటారు వేయించి, కుళాయిలో ధార ఎంత వస్తోందో వాళ్ల చేతే బకెట్టు పట్టించండి. వేసవిలో ట్యాంకరు తెప్పించుకుంటే నెలకి ఎన్నో, మనిషికి ఎంత పడుతుందో కాగితం మీద రాసివ్వండి.

అగరొత్తులు, రూమ్ ఫ్రెషనర్లు వద్దు. వంటింట్లో రోజూ ఏం వండుకుంటారో అదే వండుకోండి.

ఇల్లు ఖాళీ చేసి చూపిస్తే విశాలంగా కనిపిస్తుందంటారు. ఖాళీ గదిలో డబుల్‌కాట్ పడుతుందో లేదో ఎవరికీ అంచనా అందదు. మంచం, బీరువా, బట్టలారేసిన దండెం, అటక మీద అట్టపెట్టెలు, అన్నీ ఉండనివ్వండి. టేపు తీసుకుని గదులన్నీ లోపలి గోడ నుంచి లోపలి గోడకి కొలిచి ఆ కొలతలు తలుపు వెనక అంటించండి. సూపర్ బిల్టప్ 1,200 అడుగులని నోటితో చెప్పి ఊరుకోకండి. 2016 రెరా చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా అంటే లోపల వాడుకునే నేల. బయటి గోడలు, బాల్కనీ అందులోకి రావు, లోపలి అడ్డగోడలు వస్తాయి. మీ ఫ్లాటు పాతదైనా ఆ లెక్కే చెప్పండి. అంకె చిన్నదవుతుంది, అవనివ్వండి. వాటాగా వచ్చే స్థలం ఎన్ని గజాలో కూడా పక్కనే రాయండి, పాత ఫ్లాటుకి విలువ ఎక్కువగా అందులోనే ఉంటుంది.

వాస్తు కోసం గోడలు పగలగొట్టించకండి. ఈశాన్యంలో టాయిలెట్ ఉంటే ఫోన్లోనే చెప్పేయండి. పట్టింపు ఉన్నవాళ్లకి పెట్రోలు ఖర్చు తప్పుతుంది.

టీపాయ్ మీద పూలు కాదు, ఫైలు పెట్టండి. సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, కొత్తగా తీసిన ఈసీ, ఇంటిపన్ను రసీదు, ప్లాన్ అనుమతి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, మెయింటెనెన్సు బాకీ లేదని అసోసియేషన్ ఇచ్చిన కాగితం. ఏది లేకపోతే అది లేదని పై పేజీలో రాయండి. ఒరిజినల్స్ బ్యాంకులో ఉంటే అదీ, ఇంకా ఎంత అప్పుందో అదీ రాయండి.

ఇలా చూపిస్తే చాలామంది మళ్లీ ఫోన్ చేయరు. బ్రోకరు మీమీద కోప్పడతాడు, బావగారు చేతులెత్తేస్తారు. అయినా రంగులు వేయించకండి, రేటూ తగ్గించకండి. లోపాలన్నీ లెక్కలోకి తీసుకునే మీరు రేటు చెప్పారు కనుక, వాటిని చూపించి బేరమాడేవాళ్లకి ఆ మాటే చెప్పండి.

రెండోసారి వచ్చిన కుటుంబానికి మాత్రం తాళాలు ఇచ్చేసి మీరు కిందికి దిగిపోండి. పై ఫ్లాటువాళ్లతో, వాచ్‌మన్‌తో మీరు లేనప్పుడు మాట్లాడుకోమనండి. ఆ ఇంట్లో పెద్దావిడ ఉంటే మెట్లెక్కి చూసుకుంటారు, పిల్లలు బాల్కనీలోంచి వీధి చూసుకుంటారు. గంటసేపు పైకి వెళ్లకండి. వెళ్లాక రేటు మాట వాళ్లే ఎత్తనివ్వండి.