పుట్టుక ఫ్రీ, చావు పదివేలు

మన దేశంలో కంపెనీ పెట్టుకుంటానంటే కేంద్ర ప్రభుత్వం రిజిస్ట్రేషన్ ఫీజు కింద రూపాయి కూడా అడగదు. వెటకారం కాదు, నిజమే. అధీకృత మూలధనం 15 లక్షల లోపు ఉంటే ఆ ఫీజు సున్నా. 2019 నుంచి ఇదే పద్ధతి. అంతకుముందు ప్రైవేట్ లిమిటెడ్ అంటే కనీసం లక్ష రూపాయల మూలధనం చూపించాలనేవారు. 2015లో ఆ నిబంధన కూడా తీసేశారు. పదివేలు చేతిలో ఉన్నా డైరెక్టరైపోవచ్చు.

అదే కంపెనీని మూసేస్తానని దరఖాస్తు పెట్టుకుంటే ఫీజు 10,000 రూపాయలు. పుట్టుక ఉచితం, చావు పదివేలు. మధ్యలో బతికినన్నాళ్లూ ఎంతవుతుందో మాత్రం ఏ మంత్రిగారూ ఏ వేదిక మీదా చెప్పగా నేను వినలేదు.

కూకట్‌పల్లిలో ఒక ఆలుమగల్ని ఊహించుకోండి. ఆవిడ కొట్టే కందిపొడికి, కరివేపాకు కారానికి అపార్ట్‌మెంట్ మొత్తం దాసోహం. వాట్సాప్‌లో ఆర్డర్లు, లిఫ్టులో డెలివరీ. ఏడాదికి వంద రూపాయల ఫుడ్ రిజిస్ట్రేషన్‌తో సొంత పేరు మీద ఈ వ్యాపారం హాయిగా సాగిపోతుంది. ఆవిడకి అదే చాలు. ఆయనకి చాలదు. బంధువుల శుభలేఖల్లో తన పేరు పక్కన 'మేనేజింగ్ డైరెక్టర్' అని పడాలి. ఎమ్మెల్యే టికెట్ల ధరలు చూస్తే ఇంతకంటే చవకగా దొరికే హోదా ఇప్పుడు ఇంకేదీ లేదు కూడాను.

దరఖాస్తు ఫారం పేరు స్పైస్ ప్లస్. కారప్పొడి కంపెనీకి ఇంతకన్నా శుభశకునం ఏముంటుందని ఆయన పొంగిపోయాడు. ఆ తర్వాతే తెలిసింది, కేంద్రం వద్దన్న డబ్బు రాష్ట్రం వద్దనదని. మెమొరాండం, ఆర్టికల్స్ అనే రెండు కాగితాల మీద స్టాంపు డ్యూటీ రాష్ట్రాలది. లక్ష రూపాయల అధీకృత మూలధనానికి ఢిల్లీలో అది నాలుగొందలు కూడా ఉండదు. మధ్యప్రదేశ్‌లో ఏడున్నర వేలు, పంజాబ్‌లో పదివేల పైన. తెలంగాణలో ఒకటిన్నర వేలు, ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. నీళ్ల దగ్గర, ఆస్తుల దగ్గర కుదరని లెక్క స్టాంపు డ్యూటీ దగ్గర మాత్రం పైసలతో సహా కుదిరింది. ఇంతాచేసి ఏ రాష్ట్రం వాళ్ల దరఖాస్తయినా చూసేది ఒక్కచోటే, హర్యానాలోని మానేసర్‌లో. చూసేవాళ్లూ ఒకరే, చూసే కాగితాలూ అవే. పంజాబ్ వాళ్ల స్టాంపులో ఏం కలుపుతారో మరి.

ఇద్దరికీ డిజిటల్ సంతకాలు కావాలి. అవి పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో వస్తాయి, రెండేళ్లకో మూడేళ్లకో కాలం చెల్లిపోతాయి. పేరు ఇంకెవరి పేరుకీ దగ్గరగా ఉండకూడదు. ఆయన వెంకన్న పేరు పెడదామన్నాడు. మనకంటే ముందు ఎంతమంది ఆ స్వామిని డైరెక్టర్ల బోర్డులో కూర్చోబెట్టేశారో వేరే చెప్పక్కర్లేదు. చివరికి ఎవరికీ అర్థంకాని పేరొకటి ఖాయమైంది. ఇక ఆఫీసు చిరునామాకి కరెంటు బిల్లు కావాలి, రెండు నెలల కంటే పాతది పనికిరాదు. ఫ్లాటు మామగారిది కాబట్టి తనకేం అభ్యంతరం లేదని ఆయన రాసివ్వాలి. అల్లుడి మీద ఆయనకున్న అసలు అభ్యంతరాలు రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు గనక సంతకం పెట్టేశాడు.

కంపెనీ పుట్టింది. పుట్టిన ముప్పై రోజుల్లో మొదటి బోర్డు మీటింగు జరగాలి, ఆడిటర్‌ని పెట్టుకోవాలి. వాటాల డబ్బు పదివేలు బ్యాంకులో వేసి, నూట ఎనభై రోజుల్లోగా వ్యాపారం మొదలెడుతున్నామని ప్రకటించాలి. మరిచిపోతే ఇలాంటి చిన్న కంపెనీకి పాతిక వేల దాకా జరిమానా. పదివేల మూలధనానికి పాతిక వేల మతిమరుపు. గుమ్మం బయట పేరు, చిరునామా బోర్డు పెట్టాలి. అది ఇంగ్లిషులో ఉంటే సరిపోదు, స్థానిక భాషలోనూ ఉండి తీరాలని కంపెనీల చట్టం పన్నెండో సెక్షన్ అంటుంది. లేకపోతే రోజుకి వెయ్యి చొప్పున లక్ష దాకా జరిమానా, చిన్న కంపెనీకైతే అందులో సగం. తెలుగు భాషోద్ధరణకి మనం సభలు పెట్టి శాలువాలు కప్పుకుంటున్నాం గానీ, రోజుకి వెయ్యి అన్న ముక్క ఒక్క తీర్మానంలోనూ రాసుకోలేకపోయాం.

నాకు బాగా నచ్చేవి మాత్రం మీటింగులే. చిన్న కంపెనీకి దయతలచి ఏడాదికి రెండు బోర్డు మీటింగులు చాలన్నారు. కోరం ఇద్దరు, ఉన్నదీ ఇద్దరే. కాబట్టి ఒకరు అలిగితే బోర్డు లేదు. ఏడు రోజుల ముందు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఒకే మంచం మీద పడుకునే మనిషి పక్కనున్న మనిషికి నోటీసు పంపి, 'ముట్టింది' అనిపించుకోవాలి. సెప్టెంబరు నెలాఖరులోగా వార్షిక సర్వసభ్య సమావేశం. దానికి ఇరవై ఒక్క రోజుల నోటీసు. అది ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు లోపు మొదలవ్వాలి, జాతీయ సెలవు రోజున పెట్టకూడదు. అంటే ఆలుమగలిద్దరూ ఖాళీగా ఉండే రాత్రి పూటా, పంద్రాగస్టు నాడూ చెల్లదు. వచ్చిన సభ్యులు తమలో ఒకరిని చేతులెత్తి అధ్యక్షులుగా ఎన్నుకోవాలని చట్టంలో ఉంది. ఇద్దరున్న హాల్లో చేతులెత్తడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎవరు గెలుస్తారో మాత్రం ఊహించక్కర్లేదు.

మినిట్స్ పుస్తకంలో ఇవేవీ ఉండవు. 'సభ్యులు సుదీర్ఘంగా చర్చించిన మీదట ఏకగ్రీవంగా తీర్మానించడమైనది' అని ఉంటుంది. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఏకగ్రీవంగా జరిగిన పని అదొక్కటే. అదీ సీఏగారి ఆఫీసు కుర్రాడు టైపు చేసింది.

సీఏగారి దగ్గరికి ఎలాగూ వచ్చాం కదా. కంపెనీ అన్నాక టర్నోవరు కోటి అయినా సున్నా అయినా ఆడిట్ తప్పదు. సొంత పేరు మీద పొడులు అమ్ముకునే రోజుల్లో ఆవిడ జమాఖర్చులు క్యాలెండరు వెనకాల ఉండేవి, తప్పు పోయేవి కావు. ఇప్పుడు వాటికి బ్యాలెన్స్ షీట్, దాని మీద ఆడిటర్ నివేదిక, దాని కింద డైరెక్టర్ల నివేదిక. సీఏ ఫీజు ఊరిని బట్టి, మొహాన్ని బట్టి. ఆదాయం లేకపోయినా ఆదాయ పన్ను రిటర్ను వేయాలి. వృత్తి పన్ను కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కంపెనీ ఏటా రెండున్నర వేలు కట్టాలి. కంపెనీకి వృత్తేమిటని అడక్కండి, చట్టం దృష్టిలో కంపెనీ కూడా మనిషే. కాకపోతే ఓటుండదు గనక ఏ పథకమూ రాదు.

ఇంతకీ కేంద్రానికి ఏటా పంపాల్సిన కాగితాలు ముఖ్యంగా రెండు. లెక్కలకి ఏవోసీ-4, వార్షిక రిటర్నుకి ఎంజీటీ-7ఏ. సమయానికి వేస్తే ఒక్కోదానికి రెండు మూడొందల ఫీజు. అంతవరకూ ఎవరికీ ఫిర్యాదు లేదు. గడువు దాటితే మాత్రం ఒక్కో ఫారానికి రోజుకి వంద. 2018 జూలై నుంచి ఇదే లెక్క, దీనికి పై పరిమితి లేదు. ఆదివారం, అమావాస్య, ఉగాది అన్న తేడా లేదు. రెండు ఫారాలూ ఏడాది ఆలస్యమైతే 73,000 రూపాయలు. కంపెనీ మూలధనం పదివేలని మళ్లీ గుర్తు చేయాలా? కాబూలీవాలా కూడా అసలుకి ఏడింతలు వడ్డీ ఒక్క ఏడాదిలో గుంజి ఉండడు.

దొంగ కంపెనీల్ని పట్టుకోవాలంటే ఈ మాత్రం కట్టుదిట్టం ఉండొద్దా అంటారు. ఉండాలి. కాగితం మీదే పుట్టి, కోట్లు తిప్పి, మాయమయ్యే కంపెనీలు ఈ దేశంలో ఎన్నెన్నో. 2017లో ప్రభుత్వం ఒక్క ఊపున రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లు కొట్టేసి, మూడు లక్షలకు పైగా డైరెక్టర్ల మీద అనర్హత వేటు వేసింది. మూడేళ్లు వరసగా కాగితాలు వేయకపోతే ఐదేళ్లు ఏ కంపెనీలోనూ డైరెక్టరుగా ఉండటానికి వీల్లేదు. ఇదంతా సబబే. కానీ ఆరితేరిన దొంగ ఏ ఫారమూ ఆలస్యంగా వేయడు. గడువులు గుర్తుపెట్టుకోవడానికే జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటాడు. రోజుకి వంద కట్టేది పొడులు దంచుకుంటూ తేదీ మర్చిపోయినవాళ్లే. వాళ్లు మరీ ఎక్కువైపోతే 2018లో, 2020లో చేసినట్టు ఒక క్షమాభిక్ష పథకం పెట్టి కరుణ చూపిస్తారు.

అయినా మనకి ర్యాంకులొచ్చాయి. ప్రపంచ బ్యాంకు వారి సులభతర వాణిజ్య పట్టికలో భారత్ 142 నుంచి 63కి ఎగబాకింది. 2016లో రాష్ట్రాల పట్టికలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ 98.78 శాతం మార్కులతో కలిసి మొదటి స్థానంలో నిలిచాయి. ప్రపంచ బ్యాంకు పట్టికలో వ్యాపారం మొదలెట్టడానికి ఎన్ని రోజులు పడుతుందన్నది ఒక ముఖ్యమైన కొలమానంగా ఉండేది. మొదలెట్టినవాడు మూడో ఏట ఏమయ్యాడన్నది ఏ పట్టికకీ అక్కర్లేదు. ఆ తర్వాత అంకెల్లో అవకతవకలు బయటపడి, 2021లో ఆ నివేదికనే ప్రపంచ బ్యాంకు ఆపేసింది. కంపెనీ మూయడం కంటే ర్యాంకుల దుకాణం మూయడమే తేలికన్నమాట.

మన ఆలుమగలు కూడా మూడో ఏట అదే నిర్ణయానికొచ్చారు. నాలుగు అపార్ట్‌మెంట్లకి పొడులు అమ్మిన లాభం అచ్చంగా ఆడిటుకే పోతోందని ఆవిడ క్యాలెండరు వెనకాల తేల్చేసింది. కానీ కంపెనీ మూయాలంటే రెండు ఆర్థిక సంవత్సరాలుగా వ్యాపారం లేకుండా ఉండాలి. వ్యాపారం మానేసిన ఏడాది దాకా బాకీపడ్డ రిటర్నులన్నీ వేయాలి, అంటే రోజుకి వంద లెక్కన మునుపటి పాపాలన్నీ కడుక్కోవాలి. అప్పుడు ఎస్‌టీకే-2 అనే ఫారం, పదివేలు, అఫిడవిట్, నెల దాటని లెక్కల పత్రం, రేపు ఏ బాకీ బయటపడ్డా మాదే పూచీ అని బాండు. 2023 నుంచి ఈ దరఖాస్తుల కోసం ప్రత్యేకంగా ఒక కేంద్రం పెట్టారు. అదీ మానేసర్‌లోనే. మంత్రసాని, కాటికాపరి ఒకే వీధిలో ఉంటే జనానికి తిరిగే బాధ తప్పుతుందనుకున్నారేమో.

అభ్యంతరాలకి గడువు ఇచ్చి, ఎవరూ రాకపోతే గెజిట్‌లో ప్రకటిస్తారు. కంపెనీ పోయినట్టు. అయితే పేరు కొట్టేయడం వల్ల నష్టపోయామనుకునే సభ్యుడో, అప్పులవాడో, పనివాడో గెజిట్ వచ్చిన ఇరవై ఏళ్ల లోపు ట్రిబ్యునల్‌కి వెళ్లి, ఆ కంపెనీని మళ్లీ బతికించమని అడగొచ్చు. కాబట్టి ఆ మినిట్స్ పుస్తకాల్ని పాత పేపర్లవాడికి వేయొద్దని సీఏగారు చెప్పారు. ఈ సలహాకి ఫీజు విడిగా తీసుకున్నారు.