అడ్మిన్‌కు సర్దార్ సర్టిఫికెట్

వాట్సాప్ గ్రూపులో ఎవరు ఏం పోస్టు చేసినా అడ్మిన్‌దే బాధ్యతట. ఎన్నికలొచ్చినా, వినాయక చవితి వచ్చినా వెలువడే ఈ హెచ్చరిక ఈ వారం మళ్లీ వెలువడింది. మీరూ చదివే ఉంటారు. చదవకపోయినా ఏదో ఒక గ్రూపులో ఆరుసార్లు ఫార్వర్డ్ అయి వచ్చే ఉంటుంది. ఇంకొకడు పెట్టినదానికి, అందులో తన పాత్ర లేనప్పుడు, అడ్మిన్‌ను బాధ్యుణ్ని చేయలేమని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. ఏం లాభం? కోర్టు తీర్పులను ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

గోదావరిఖనిలో మా గ్రూపు అడ్మిన్ రిటైరైన టింబర్‌మన్. సర్వీసంతా బొగ్గు బాయిలో కప్పుకు దుంగలు ఆనించిన మనిషి. హెచ్చరిక చూసి ఫోన్ చేసిండు. "అన్నా, గ్రూపుల మూడు వందల మంది ఉన్నరు. నడిరాత్రి ఎవడేం పెడ్తడో నాకెట్ల తెలుస్తది? గీ గ్రూపు కన్నా బాయే నయముండె. కప్పు పడేముందు ఇంత సప్పుడన్న చేస్తుండె."

నిజమే. నెత్తిన అంత బాధ్యత పెట్టినప్పుడు దాన్ని మోసే ఏర్పాట్లు కూడా చూడాలి కదా. అందుకే నాదొక ప్రతిపాదన: కోల్‌బెల్టులోని వాట్సాప్ గ్రూపులన్నింటినీ తక్షణం భూగర్భ గనులుగా ప్రకటించాలి. రామగుండంలో ఈ పని తెలిసినవాళ్లకు కొదవ లేదు.

ముందు అర్హతలు. ధన్‌బాద్‌లోని గనుల భద్రత డైరెక్టరేట్ పరీక్ష పెట్టాలి. వంద మంది లోపు గ్రూపుకు మైనింగ్ సర్దార్ సర్టిఫికెట్ చాలు. ఐదు వందలు దాటితే ఓవర్‌మన్. వాట్సాప్ ఇచ్చే గరిష్ఠ పరిమితి 1024 మందిని చేర్చుకున్నవాడు ఫస్ట్‌క్లాస్ మేనేజర్ పరీక్ష పాసు కావాల్సిందే. కుటుంబ గ్రూపులకు మాత్రం తప్పనిసరిగా షాట్‌ఫైరర్ ఉండాలి. ఆస్తి పంపకాల మాట వచ్చినప్పుడు అక్కడ పేలేది ఎక్కువ. కొత్తగా చేరినవాణ్ని నేరుగా లోపలికి వదలొద్దు, ముందు గని కార్మికుల శిక్షణ కేంద్రం వీటీసీలో ట్రైనింగ్ ఇప్పించాలి.

తరవాత తనిఖీ. షిఫ్టు దిగడానికి ముందు రెండు గంటల లోపు సర్దార్ పని స్థలమంతా తిరిగి చూడాలన్నది నిబంధన. కప్పును రాడ్డుతో కొట్టి చెవి పెట్టి వింటాడు. గట్టిగా పలికితే మంచిది, బోలుగా మోగిందా, ఆ కింద ఎవరినీ నిలబెట్టడు. అడ్మిన్ కూడా తెల్లారకముందే లేచి ఫార్వర్డులను ఒక్కొక్కటీ కొట్టి చూడాలి. "ఇది పది మందికి పంపితే సాయంత్రంలోగా శుభవార్త": బోలు. "నాసా ధ్రువీకరించింది": పూర్తిగా బోలు. "లాభాల వాటా రేపే ఖాతాల్లో": ఇది ఏటా దసరాకు నెల ముందు నుంచీ బోలుగా మోగుతూనే ఉంటుంది. కొట్టి చూసినట్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి.

గ్యాస్ పరీక్ష కూడా ఉండాలి. గాలిలో మిథేన్ 1.25 శాతానికి చేరితే కరెంటు తీసేసి మనుషుల్ని బయటికి పంపుతారు. గ్రూపులో కులం, మతం ఆ లెక్కకు చేరగానే డేటా ఆపి సభ్యులందరినీ చౌరస్తాలో చాయ్ తాగడానికి పంపాలి. ఒకరి ముఖం ఒకరు చూస్తే సగం గ్యాస్ అక్కడే పోతుంది.

ఓపెన్‌కాస్టు పద్ధతిలో నడిచే గ్రూపులకు ఓబీ, అంటే బొగ్గు మీది మట్టి లెక్కలు కావాలి. గులాబీల గుడ్ మార్నింగులు, వెంకన్న శనివారాలు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు ఇంత ఎత్తున తీసి పోస్తే గానీ అడుగున బొగ్గు కనబడదు: "ఏరియా ఆసుపత్రిలో ఓ నెగెటివ్ రక్తం అర్జెంటు". ఇది కనపడేసరికి రెండు గంటలు గడిచిపోయి ఉంటాయి.

యూనియన్ గ్రూపుల్లో ఇంకో సాంకేతికత ఇప్పటికే వాడుకలో ఉంది. లోపల మంట పుడితే గోడ కట్టి ఆ భాగాన్ని మూసేస్తారు కదా, "అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగలరు" అన్న సెట్టింగ్ అచ్చంగా ఆ గోడే. గేటు మీటింగులో అయితే వెనక వరసలోంచి బొగ్గు నింపే ఒక ఫిల్లర్ లేచి "మరి పోయినసారి ఇచ్చిన మాటేమాయె?" అని లీడర్‌ను నిలదీసేవాడు. ఇప్పుడు అతనికి మిగిలింది బొటనవేలు గుర్తు. మంట గోడ అవతల మండుతూనే ఉంటుంది.

అంతా బాగానే కుదిరింది గానీ, యజమాని దగ్గర తేడా కొట్టింది. మా బొగ్గు కంపెనీ సింగరేణి గ్రూపుకు ఇద్దరు సూపర్ అడ్మిన్లు. 51 శాతం వాటాతో హైదరాబాద్, 49 శాతంతో ఢిల్లీ. లాభాల ప్రకటన రోజున ఇద్దరూ ఆన్‌లైన్‌లోనే ఉంటారు. బండ పడిన రోజున లాస్ట్ సీన్ కూడా కనపడదు. "విచారణకు ఆదేశించాం" అని ఒక మెసేజ్ వస్తుంది, దాని కింద రిప్లై ఆప్షన్ ఉండదు.

పైగా బాయిలోకి ఫోన్ తీసుకుపోరాదు. రవ్వ పుడితే మిథేన్ అంటుకుంటుంది కాబట్టి ఆ నియమం సరైనదే. కానీ దాని ఫలితం చూడండి. పైన చౌరస్తాలో ఎవడో పెట్టిన వెకిలి బొమ్మకు సాక్ష్యం ఉంది, బాధ్యుడున్నాడు, నోటీసు ఉంది. కింద చీలిన కప్పుకు ఫోటో ఉండదు. ఫోటో లేనిది గ్రూపులోకి రాదు. గ్రూపులోకి రానిదానికి అడ్మిన్ ఉండడు.

ఇక వేళాకోళం చాలు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిని నీళ్లు ముంచెత్తి 17 మంది చచ్చిపోయారు. నాలుగు నెలలకు 8ఏ గనిలో కప్పు కూలి మరో 10 మంది. 2020 జూన్‌లో ఓపెన్‌కాస్టు గనిలో (ఓసీపీ) పేలుడుకు నలుగురు కాంట్రాక్టు కార్మికులు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ముగ్గురు, అందులో ఒకాయన భద్రత చూడాల్సిన అధికారే. ఈ గ్రూపులకు అడ్మిన్ ఎవరండీ?

అశ్లీలమైన బొమ్మ పోస్టు చేస్తే ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద మొదటి నేరానికే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. ఆ 17 మంది మునిగిన నాడు అమల్లో ఉన్న 1952 గనుల చట్టం ప్రకారం, నిబంధన మీరినందుకు మనిషి ప్రాణం పోతే రెండేళ్ల దాకా జైలు, లేదా 5 వేల దాకా జరిమానా, లేదంటే రెండూ. 5 వేలు! 2024లో కాంట్రాక్టు కార్మికులకు తొలిసారి లాభాల్లో వాటా అని చేతిలో పెట్టింది కూడా అంతే. బొమ్మ ఖరీదు 5 లక్షలైన చోట బొగ్గుపెళ్ల కింద నలిగిన మనిషి ఖరీదు 5 వేలు. సిగ్గుండాలి.

మనకూ ఉండాలి. బాయి మీద మనిషి పోయాడనగానే "ఓం శాంతి" పెట్టి, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, నిమిషం తిరక్కుండా క్రికెట్ స్కోరు అడుగుతున్నాం. మూడు వందల దండాల్లో "ఎందుకు పోయాడు?" అన్న ప్రశ్న ఒక్కటీ ఉండదు.

బాధ్యత మీద ఇంత పట్టింపున్న దొరలకు ఒకటే డిమాండ్. ప్రతి బాయి మొగదల, ప్రతి ఓసీపీ గేటు దగ్గర బోర్డు పెట్టండి: ఇక్కడ మనిషి పోతే బాధ్యుడు ఫలానా. పేరు, హోదా, ఫోన్ నంబరు రాయండి. కాంట్రాక్టరు పేరు దాని కింద రాయండి. విచారణ నివేదిక వచ్చిన రోజే దాన్ని తెలుగులో అక్కడ అతికించండి. ఫోటో తీసి ఫార్వర్డ్ చేసే పని మేం చూసుకుంటాం.