తూటా ఎరుగని తుపాకీ

వరుసలో నిలబడ్డ సిపాయికి 'నేను' అనే మాటతో పనుండదు. అందుకే ఈ తుపాకీ తన కథ తానే చెప్పుకొంటూ కూడా 'ఈ తుపాకీ' అనే అంటుంది. పేరు ఎన్‌ఫీల్డ్, 1853 నమూనా. పొడవు దాదాపు 140 సెంటీమీటర్లు, బరువు నాలుగు కిలోల పైచిలుకు. చూసినవాళ్లు నూట యాభై ఏళ్ల ముసలిదనుకుని తడిమి చూస్తారు. అంత లేదు. ఇది పుట్టింది ఉత్తర ఇటలీలో, గార్దోనే వాల్ ట్రోంపియా అనే లోయ ఊళ్లో. బెరెట్టా కుటుంబం 1526 నుంచీ గొట్టాలు చేస్తున్న ఊరది. 1950ల చివర్లో, అమెరికా అంతర్యుద్ధానికి నూరేళ్ల పండగ దగ్గరపడుతుండగా, పాత తుపాకుల నకళ్లకు గిరాకీ వస్తుందని వ్యాపారులు పసిగట్టారు. ఆర్డర్లు ఇటలీకి వెళ్లాయి. యుద్ధం ఒక దేశానిది, దాని సరంజామా మరో దేశానిది!

దీన్ని కొన్నాయన వర్జీనియాలో లారీల మెకానిక్. సిపాయి వేషం కట్టి, ఆ అంతర్యుద్ధపు పోరులను తోటివాళ్లతో కలిసి మళ్లీ ఆడి చూపడం ఆయన సరదా. పెట్టె విప్పీ విప్పగానే ఆకురాయి పట్టుకుని గొట్టం మీది ఇటలీ ముద్రలన్నీ అరగదీశాడు. పుట్టిన ఊరి గుర్తు అలా పోయింది. ఈ పనిని ఆ సరదా ఉన్నవాళ్లు 'డీఫార్బ్' అంటారు. 'ఫార్బ్' అంటే వాళ్ల శిబిరాల్లో పెద్ద తిట్టు. చేతి గడియారం తీయకుండా 1863లోకి నడిచొచ్చినవాడు ఫార్బ్. నైలాన్ దారంతో కుట్టిన కోటు వేసుకున్నవాడూ ఫార్బే. దీనికి అవతలి కొసన ఉండేవాళ్లు మరీ ఘోరం. కొత్త ఇత్తడి బొత్తాలకు పాతదనం రావాలని మూత్రంలో నానబెట్టినవాళ్లున్నారు. ఇది పుకారు కాదు, పాత్రికేయుడు టోనీ హార్విట్జ్ వాళ్లతో కలిసి తిరిగి 1998లో అచ్చేసిన 'కాన్ఫెడరేట్స్ ఇన్ ది ఆటిక్'లో ఉంది. మెకానిక్ అంత దూరం వెళ్లలేదు, ఇంట్లో ఆవిడ ఒప్పుకోలేదు.

అసలు ఎన్‌ఫీల్డ్‌కు మన దేశంతో ఉన్న చుట్టరికం పాఠ్యపుస్తకాల్లోదే. కాగితంలో మందు, గుండు కలిపి చుట్టిన తూటాను పళ్లతో కొరికి, మందు గొట్టంలో పోసి, గుండు దట్టించాలి. ఆ కాగితానికి పూసింది ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న మాట కలకత్తా దగ్గరి డమ్‌డమ్ నుంచి దండులన్నిటికీ పాకింది. 1857 మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు. మీరట్‌లో తూటాలు ముట్టనన్న 85 మందికి సంకెళ్లు వేస్తే మే 10న ఊరే అంటుకుంది. నాలుగేళ్లు తిరిగేసరికి అదే రకం తుపాకులు అట్లాంటిక్ దాటి, లక్షల లెక్కన, అమెరికాలో రెండు పక్షాల చేతుల్లోకీ వెళ్లాయి. అక్కడ కొరకడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ముందు పళ్లు లేనివాణ్ని మాత్రం కాల్బలంలోకి తీసుకునేవారు కారు.

మెకానిక్ కూడా కొరుకుతాడు. అయితే ఆయన కాగితంలో గుండు ఉండదు. సుమారు నాలుగు గ్రాముల మందు, అంతే. ఆటలో నియమాలు గట్టివి. దట్టించే కడ్డీ బయటికి తీయకూడదు. హడావుడిలో దాన్ని గొట్టంలోనే మరిచిపోతే అదే బాణమై ఎదుటివాడికి దిగుతుంది. కాగితం కూడా లోపల వేయకూడదు. దగ్గరికొస్తే గొట్టం పైకెత్తి కాల్చాలి. పోరుకు ముందు తనిఖీలో మాత్రం కడ్డీని గొట్టంలోకి జారవిడుస్తారు. 'టింగ్' మని మోగితే లోపల ఏమీ లేదని అర్థం, 'దబ్' మంటే ఆ తుపాకీ ఆ పూటకు పక్కకే. ఈ తుపాకీ ఎప్పుడూ టింగుమనే మోగింది. కాస్త గర్వంగానే చెబుతోంది.

పొగలో నిలబడితేనే తెలిసే సంగతులు కొన్ని ఉన్నాయి. 1863 జులైలో గెటిస్‌బర్గ్ పోరు ముగిశాక మైదానంలో ఏరిన తుపాకులు 27 వేల పైన. వాటిలో దాదాపు 24 వేలు మందు దట్టించే ఉన్నాయట, సగానికి సగం రెండేసి సార్లు. ఒకదానిలో ఏకంగా 23 తూటాలు. పుస్తకంలో చదివితే సిపాయిలు ఇంత మొద్దులా అనిపిస్తుంది. కానీ ఈ ఆటలోనే మూడు విడతలు కాల్చేసరికి పక్కవాడి టోపీ కూడా కనపడదు. చెవులు గింగుర్లెత్తుతాయి. తన తుపాకీ పేలిందో, మందును అంటించే క్యాప్ ఒక్కటే చిటపటలాడిందో మెకానిక్‌కే తెలియదు. పేలిందనుకుని మళ్లీ మందు పోసేస్తాడు. ఎదుట చావు లేనప్పుడే ఇలా ఉంటే, నిజంగా గుండు దూసుకొచ్చే చోట ఎలా ఉంటుంది? ఈ సరదా నేర్పే చరిత్ర ఏదైనా ఉందంటే ఇదే.

ఇక చావు దగ్గర మాత్రం అంతా తకరారే. వందల మైళ్లు కారు నడిపి వచ్చినవాడు మొదటి విడతకే పడిపోతాడా? తూటాలు అయిపోయినప్పుడే అందరికీ గాయాలవుతాయి. నీడ చూసుకుని, చీమలు లేని చోటు చూసుకుని ఒరుగుతారు. 'ఈ నెలలో పుట్టినవాళ్లంతా ఇప్పుడు చావండి' అని నాయకుడు అరిస్తే తప్ప శవాలు దొరకవు. ఆ యుద్ధంలో పోయినవాళ్లు ఆరు లక్షలకు పైమాటే. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది రోగాలతో పోయారు. విరేచనాలతో చచ్చే వేషం వేసినవాడు ఈ తుపాకీకి ఇంతవరకూ కనపడలేదు.

ఒకవైపు మనుషులు తక్కువైతే అటు మారడం ఆనవాయితీ. మెకానిక్ కారు డిక్కీలో నీలం కోటూ, బూడిదరంగు కోటూ రెండూ ఉంటాయి. పొద్దున ఉత్తరాది, సాయంత్రం దక్షిణాది. ఆడవాళ్లకు మాత్రం చాలాకాలం ఏ కోటూ దక్కలేదు. 1989లో యాంటీటమ్‌లో మగ సిపాయి వేషంలో ఉన్న లారెన్ కుక్ బర్జెస్‌ను బయటికి పంపేస్తే ఆమె కోర్టుకెక్కింది, 1993లో గెలిచింది. మగపేరుతో నిజంగానే ఆ యుద్ధంలో చేరిన సారా రోసెటా వేక్‌మన్ ఉత్తరాలను పుస్తకంగా తెచ్చిందీ ఆమే.

ఈ ఉత్తుత్తి పోరులు చాలావరకు అసలు రణభూముల్లో జరగవు. నేషనల్ పార్క్ సర్వీస్ తన అధీనంలోని నేలమీద ఎదురెదురు కాల్పుల ఆటను ఒప్పుకోదు. మనుషులు నిజంగా చచ్చిన చోట చచ్చినట్టు నటించడం తగదని వాళ్ల ఉద్దేశం. అందుకే పక్కన ఎవరిదో పచ్చికబయలు అద్దెకు తీసుకుంటారు.

అలాంటి బయలుకే ఒకసారి పల్నాడు పెద్దాయన ఒకరు వచ్చారు. కొడుకు ఉత్తర వర్జీనియాలో ఉద్యోగి. ఈ తుపాకీకి తెలుగు ఎలా అర్థమైందని మాత్రం అడక్కండి.

"మన కారంపూడి తిరనాళ్లలాగే ఉందిరా. ఇంతకీ వీళ్ల తగువు దేనికంట?" అన్నాడాయన.

"ఉండు నాన్నా, అడిగొస్తా," అంటూ కొడుకు మెకానిక్ దగ్గరికి వచ్చాడు.

ఆ పూట బూడిదరంగు కోటులో ఉన్న మెకానిక్ రాష్ట్రాల హక్కులన్నాడు, పన్నులన్నాడు. బొత్తాల దగ్గర వెంట్రుకవాసి తేడా ఒప్పుకోని మనిషి, ఇక్కడ మాత్రం నీళ్లు నమిలాడు. మిసిసిపీ రాష్ట్రం 1861లో విడిపోతూ చేసిన ప్రకటనలోనే బానిసత్వం కోసమని నేరుగా రాసుకుంది. అప్పటికి ఆ దేశంలో బానిసలు దాదాపు 40 లక్షలు. ఉత్తరాది పక్షాన పోరాడిన నల్లజాతి సిపాయిలు లక్షా ఎనభై వేల మంది దాకా ఉన్నారు. 1989లో వాళ్ల కథతో 'గ్లోరీ' సినిమా వచ్చేదాకా ఈ బయళ్లలో వాళ్ల వేషం కట్టినవాళ్లు అరుదు.

ఇక పెద్దాయన తలచుకున్న కారంపూడిలో కార్తీకమాసంలో పల్నాటి వీరుల ఉత్సవం అయిదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. రాయబారమూ, తగువుకు మూలమైన కోడిపందెమూ అందులో భాగమే. బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒక్క బంతిన కూర్చోబెట్టిన చాపకూడు కూడా ఉంటుంది. కోట్ల కుట్టు అక్కడ ఎవరికీ పట్టదు గానీ యుద్ధం ఎందుకొచ్చిందో పిల్లాడిక్కూడా తెలుస్తుంది. ఈ రెండిట్లో ఏది చరిత్రకు దగ్గరో ఈ తుపాకీకి అనుమానం లేదు.

మెకానిక్ మోకాళ్లు ఇప్పుడు సహకరించడం లేదు. కొడుక్కి ఈ సరదా లేదు. తుపాకీని అమ్మకానికి పెట్టాడు. అమెరికాలో 1968 తుపాకీ చట్టం ఇలాంటి నకళ్లను ఆయుధాల కింద లెక్కగట్టదు కాబట్టి కొనడం తేలికే. కొనేవారికి ఒక విన్నపం. మందు మసి తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది, కాల్చిన రాత్రే వేడినీళ్లతో కడిగి నూనె పెట్టండి. చూడవచ్చిన జనాన్ని ఆపే తాడు అవతలి నుంచి ఏ పిల్లైనా 'ఎందుకు కొట్టుకున్నారు?' అని అడిగితే, బానిసత్వం గురించి అని సూటిగా చెప్పండి. ఆ తర్వాత కాల్చుకోండి.