ఫిర్యాదు పరిష్కరించబడినది

మా హిందూపురంలో మిద్దె మీద మనిషి కనిపిస్తే ఒకప్పుడు వడియాలకు కాపలా అనుకునేవాళ్లం. ఇప్పుడు ఫోన్ వచ్చిందని అర్థం. ఒక చేత్తో నీళ్ల ట్యాంకు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్‌ను ఆకాశానికి చూపిస్తూ "ఇనపడతాందాప్పా? ఇప్పుడు ఇనపడతాందా?" అని అరిచేవాణ్ని చూసి ఊరికి కొత్తవాళ్లు సూర్య నమస్కారాలనుకుంటారు.

ఈమధ్య మా వీధిలో మూడు రోజులు సిగ్నల్ లేదు. పక్కింటాయనది వేరే కంపెనీ. ఆయన ఫోన్ అడుక్కుని కస్టమర్ కేర్‌కు చేశాను. తెలుగుకు ఒకటి నొక్కాను. ఫిర్యాదుకు మూడు నొక్కాను. మనిషితో మాట్లాడాలని తొమ్మిది నొక్కితే, మళ్లీ తెలుగుకు ఒకటి నొక్కమంది. చివరికి ఒక యంత్రకన్య తేనె పూసిన గొంతుతో మా ప్రాంతంలో నెట్‌వర్క్ సవ్యంగా ఉందని చెప్పి, ఇంకేమైనా సాయం కావాలా అని అడిగింది.

మూడో రోజు పనిమీద లేపాక్షి పోయాను. బసవన్న ఎదురుగా నిలబడ్డానో లేదో, జేబులో ఫోన్ మూడుసార్లు మోగింది. మొదటి మెసేజ్: మీ ఫిర్యాదు నమోదైనది. రెండోది: మీ ఫిర్యాదు పరిష్కరించబడినది, మా సేవకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయండి. మూడోది: మీ రీచార్జ్ ఎల్లుండితో ముగుస్తుంది. రోగి నాడి పట్టకుండా, రోగి ముఖం చూడకుండా, నయమైపోయిందని చెప్పి ఫీజు అడిగిన వైద్యుణ్ని నేను అంతకుముందు చూడలేదు. లేపాక్షిలో నేలకు ఆనని స్తంభం ఒకటుంది. దాని కిందనుంచి గుడ్డ దూరుతుందని చూడ్డానికి దేశమంతా వస్తుంది. మా వీధి టవరు నేలకు గట్టిగానే ఆనింది, మాటే దూరడం లేదు.

తరవాత తెలిసింది, నాకు వైద్యం చేసినవాడు మనిషి కాడని. మొబైల్ కంపెనీలు ఇప్పుడు నెట్‌వర్క్ నిర్వహణను ఆటోమేషన్‌కు అప్పగిస్తున్నాయి. టవరు తన జబ్బు తానే కనిపెట్టుకుంటుందట, తానే మందు వేసుకుంటుందట. 'స్వయం వైద్యం' అనే ఈ ముచ్చట 4జీ ప్రమాణాలప్పుడే మొదలైంది. టీఎం ఫోరం అనే అంతర్జాతీయ సంస్థ దీనికి సున్నా నుంచి ఐదు దాకా మెట్లు కట్టింది. సున్నా అంటే అంతా మనిషే చేయాలి. ఐదంటే మనిషి అక్కర్లేదు. పెద్ద కంపెనీలు నాలుగో మెట్టు ఎక్కుతామని పోటీ పడుతున్నాయి. అవి మెట్లు ఎక్కుతుంటే మేం మిద్దెలు ఎక్కుతున్నాం.

నాకు యంత్రాలంటే కోపం లేదు. దేశంలో దాదాపు 8 లక్షల టవర్లున్నాయి. ఒక్కోదాని దగ్గర మనిషిని కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. యాంటెన్నాను ఎంత వంచాలి, ఏ ఫోన్‌ను ఏ టవరు అందుకోవాలి, అర్ధరాత్రి వాడకం తగ్గితే ఏ బ్యాండును నిద్రపుచ్చి కరెంటు మిగల్చాలి అని క్షణక్షణం తేల్చడం యంత్రానికే చేతనవుతుంది. 2024 సెప్టెంబరులో ఎయిర్‌టెల్ స్పామ్ కాల్స్‌ను కృత్రిమ మేధతో గుర్తించి హెచ్చరించడం మొదలుపెట్టింది. లోను కావాలా సార్ అని అడిగేవాడి నుంచి కాపాడే యంత్రానికి రెండు చేతులా దణ్ణం పెడతాను. నా పేచీ అంతా 'మనిషి అక్కర్లేదు' అనే ఆ చివరి మెట్టుతోనే.

ధర్మవరం వాళ్లకు ఈ సంగతి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. వాళ్ల మగ్గాల మీదుండే జకార్డు 1804లో ఫ్రాన్సులో పుట్టిన ఆటోమేషనే. చిల్లులు పొడిచిన అట్టలు వరసగా తిరుగుతుంటే ఏ పోగు లేవాలో, ఏది దిగాలో జకార్డే చూసుకుంటుంది. చీర అంచు మీద హంస దానంతటదే వాలుతుంది. కానీ పోగు తెగిందనుకోండి, జకార్డుకు ఆ ధ్యాసే ఉండదు. తెగిన పోగునూ లేపుతున్నాననుకుంటూ అట్టలు తిప్పుకుంటూ పోతుంది. మగ్గం ఆపి, వంగి, ఆ పోగు వెతికి ముడి వేసేది నేతగాడు. అక్కడ మగ్గం నేసే ఒకాయనకు నా స్వయం వైద్యం కథ చెబితే ఒక్క ప్రశ్నే వేశాడు: "మరి ముడేసేదెవురన్నా?"

ఏ నాలుగో మెట్టు మీదనుంచీ దీనికి జవాబు రాలేదు. ఎక్కడో తవ్వకాల్లో జేసీబీ కేబుల్ తెంపితే, టవరు బ్యాటరీలు ఎవడో ఎత్తుకుపోతే, సాఫ్ట్‌వేర్ వచ్చి గుంతలో దిగదు. దిగేది ఒక కాంట్రాక్టు కుర్రవాడు. వాడి చేతికింద ఎన్ని టవర్లున్నాయో వాడికే గుర్తుండదు. వాడు బండి మీద వచ్చి ముడి వేసి పోయాక తెరమీద ఎర్ర చుక్క పచ్చగా మారుతుంది. ఆ పచ్చచుక్క చూపించి కంపెనీ సభలో చప్పట్లు కొట్టించుకుంటుంది: చూశారా, తానే నయం చేసుకుంది!

పెనుకొండది ఇంకో పాఠం. ఊరి పొలిమేరలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2019లో తొలి కారు బయటికొచ్చింది. వందలాది రోబోలు వెల్డింగు చేసే ఆ చోట దాదాపు 900 ఇంజన్లు మాయమయ్యాయని 2025 మార్చిలో పోలీసులకు ఫిర్యాదు అందింది. ఐదేళ్లుగా పోతున్నాయట. బయటపెట్టింది లెక్కలు సరిచూసిన మనుషులు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. రోబోలు ఐదేళ్లయినా మొరగలేదు, వాటికి వెల్డింగే తప్ప మొరగడం ఎవరూ నేర్పలేదు. యంత్రం తనను చూడమన్నదే చూస్తుంది. ఇంజను ఉందా పోయిందా అని చూడమనకపోతే చూడదు. హిందూపురంలో ఒక ముసలాయన కొడుకు గొంతు కోసం మిద్దె ఎక్కాడా లేదా అని చూడమనకపోతే అదీ చూడదు.

పైగా దాని కళ్లకు మన ఊళ్లు విడిగా ఆనవు. రాష్ట్రం 2014లో రెండయింది. ఆస్తులు, అప్పులు, నీళ్లు పంచుకోవడానికి కొట్లాడుకున్నాం. టెలికం సర్కిల్ మాత్రం ఇప్పటికీ ఒకటే. కాల్ డ్రాప్‌లు నూటికి రెండు మించకూడదని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన హద్దును ఏళ్ల తరబడి ఆ సర్కిల్ సగటు మీదే కొలిచారు. హైటెక్ సిటీలో గాజు మేడకూ పెనుకొండ కోట వెనక పల్లెకూ కలిపి ఒకే సగటు! తల పొయ్యిలో, కాళ్లు ఐసులో పెట్టుకున్నవాడు సగటున సుఖంగానే ఉంటాడు. ఇక సరిహద్దు సంగతి సరేసరి. ఊరు దాటి నాలుగు అడుగులేస్తే చాలు, నా ఫోన్‌కు కర్ణాటక స్వాగతం పలుకుతుంది. వెనక్కి తిరిగితే ఆంధ్రా స్వాగతం పలుకుతుంది. ఇన్ని స్వాగతాల మధ్య మా ఆవిడ చేసిన కాల్ ఒక్కటే లోపలికి రాదు.

ఇది చిన్న ఊళ్ల గోల అని కొట్టిపారేసేవాళ్లు కెనడా దాకా రండి. 2022 జూలై 8న అక్కడి రోజర్స్ కంపెనీ నెట్‌వర్క్ దేశమంతటా కూలిపోయింది. కోటి 20 లక్షల మందికి పైగా ఒక రోజుకు మించి అల్లాడారు. అప్పుడు ఆ నెట్‌వర్క్‌లో చేస్తున్న ఏడు దశల మార్పుల్లో ఆరో దశ నడుస్తోంది. ముందు దశలు సాఫీగా జరిగాయి కాబట్టి ఈ పనిలో ప్రమాదం 'తక్కువ' అని తేల్చింది ఎవరనుకున్నారు? ప్రమాదాన్ని అంచనా వేసే అల్గారిథమ్. ఐదుసార్లు ఈదాను కాబట్టి ఆరోసారి బావిలో నీళ్లుండవన్నట్టు! నెట్‌వర్క్‌ను బాగుచేసే దారి కూడా ఆ నెట్‌వర్క్ మీదుగానే ఉండడంతో ఇంజనీర్లకు దారి మూసుకుపోయింది. సిబ్బంది మాట్లాడుకోవడానికి పోటీ కంపెనీల సిమ్ కార్డులు పంపాల్సి వచ్చింది. పక్కింటాయన ఫోన్ అడుక్కున్న నేను అది చదివి కొంత ఊరట పొందాను.

అసలు టెలిఫోన్‌లో ఆటోమేషన్ పుట్టిందే ఒక ఖాతాదారు కడుపుమంట నుంచి. అమెరికాలో స్ట్రోజర్ అనే ఆయన శవాలకు అంత్యక్రియలు చేయించే వ్యాపారి. ఎక్స్ఛేంజిలో ఆపరేటరు తనకొచ్చే కాల్స్‌ను పోటీదారుకు కలిపేస్తోందని అనుమానపడి, ఆపరేటరే అక్కర్లేని ఎక్స్ఛేంజి కనిపెట్టాడని చెబుతారు. 1891లో పేటెంటు దక్కించుకున్నాడు. ఫిర్యాదులోంచి పుట్టిన యంత్రం ఇవాళ ఫిర్యాదునే పాతిపెడుతోంది. వృత్తి ధర్మం తప్పలేదన్నమాట.

ల్యాండ్‌లైన్ రోజుల్లో మాకు లైన్‌మన్ ఉండేవాడు. పిలిచిన రోజు రాడు, రమ్మన్న టైముకు రాడు. కానీ వాడి ఇల్లెక్కడో తెలుసు. సంతలో పట్టుకుని "ఏమప్పా, మా లైను సంగతేమి?" అని నలుగురిలో నిలదీయొచ్చు. మరునాడు నిచ్చెనతో వచ్చేవాడు. ఆటోమేషన్ తీసేసింది అతని శ్రమను కాదు, శ్రమ ఇంకా గుంతలో దిగుతూనే ఉంది. తీసేసింది మనం నిలదీసే ముఖాన్ని.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. ఆటోమేషన్ అసలు ఘనత అక్కడుంది. నెలకు 28 రోజులని కంపెనీలు తిథి మార్చాయి, ఏడాదికి 13 రీచార్జీలు. కనీసం ఒక్కటైనా 30 రోజుల ప్లాను పెట్టమని ట్రాయ్ 2022లో ఆదేశించాల్సి వచ్చింది. 28వ రోజు అర్ధరాత్రి గడువు తీరగానే కాల్ ఆగుతుంది. అందులో ఒక్క సెకను పొరపాటు జరగదు, కొండ అడ్డం రాదు, సరిహద్దు అడ్డం రాదు. మరి ఇచ్చేటప్పుడు? కాల్ తెగితే రూపాయి, రోజుకు మూడు కాల్స్ దాకా వెనక్కివ్వాలని ట్రాయ్ 2016 జనవరి నుంచి అమలు పెడితే, కంపెనీలు కోర్టుకెక్కాయి. ఆ మే నెలలోనే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2024 అక్టోబరు నుంచి అమల్లోకొచ్చిన కొత్త నిబంధనల్లో సేవ ఆగితే పరిహారముంది. దానికి జిల్లా స్థాయిలో 24 గంటలకు పైగా ఆగాలి. అంటే మా వీధి మూడు రోజులు మూగబోతే చాలదు. శ్రీ సత్యసాయి జిల్లా అంతా మూగబోవాలి.

కాబట్టి కంపెనీలకు నాదొక చిన్న పరీక్ష. మీ టవరుకు తాను పడుకున్న సంగతి తెలుసంటున్నారు. ఎన్ని గంటలు పడుకుందో తెలుసు, ఆ గంటల్లో ఏ సిమ్‌లకు దిక్కులేకుండా పోయిందో తెలుసు. అయితే ఆ గంటలను మా గడువుకు దానంతటదే కలపమనండి. మేం ఏ అంకె నొక్కకుండా, ఎవరినీ అడుక్కోకుండా. ఆ మెసేజ్ నాకు మా ఇంట్లో, కింది అంతస్తులో, కుర్చీలో కూర్చుని ఉండగా వచ్చిన రోజున ఐదుకు ఐదు మార్కులు వేస్తాను. అందాకా నా ఫిర్యాదు పరిష్కరించబడలేదు.