సిటీకి ఇరవై నిమిషాలు

హైదరాబాదు చుట్టుపక్కల స్థలాలు రెండు రకాలు: ఆఫీసుకు దగ్గరగా ఉండేవి, కొనగలిగేవి. రెండు లక్షణాలూ ఉన్న మూడో రకం ఉందని చెప్పడానికి రోజూ ఫోన్లు వస్తాయి. అన్నంలో చారు పోసుకున్నప్పుడు వస్తాయి, ఫ్లైఓవర్ మీద బండి ఇరుక్కున్నప్పుడు వస్తాయి, తద్దినం నాడు కూడా వస్తాయి. వద్దన్న నంబరును కొట్టేయరని, వద్దన్నవాళ్ల జాబితాలో పెట్టి ఇంకో కంపెనీకి అమ్ముకుంటారని ఈ వ్యాసకర్త గట్టి అనుమానం.

మొదటి రకం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. ఎకరానికి 4,840 గజాలు కాబట్టి గజం రెండు లక్షలకు పైమాటే. డబల్ కాట్ వేసుకోవాలంటే నాలుగు గజాలు చాలవు. అంటే పడుకోవడానికి ఎనిమిది లక్షలు దాటుతుంది, పక్కకు దొర్లడం అదనం. అయితే అక్కడ లేచేవి నలభై యాభై అంతస్తుల భవనాలు కనుక ఒక్కో గజాన్ని ఒకరి నెత్తిన ఒకరుగా చాలామంది పంచుకుంటారు. ఆ వాటాను దస్తావేజులో యూడీఎస్ అని రాస్తారు. దాన్ని కొనేవాళ్లకు ఈ వ్యాసంతో పనిలేదు.

రెండో రకం అవుటర్ రింగ్ రోడ్డు అవతల మొదలవుతుంది. ఊరి చుట్టూ 158 కిలోమీటర్ల ఎనిమిది వరసల రోడ్డు అది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలన్నీ పడమట మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల్లో కుప్పపడ్డాయి. జీతానికి అందే స్థలాలు మాత్రం షాద్‌నగర్, కడ్తాల్, చౌటుప్పల్, భువనగిరి, యాదగిరిగుట్ట, తూప్రాన్, సదాశివపేట వైపుల్లో దొరుకుతాయి. 2017లో మొదలైన మెట్రో మియాపూర్, ఎల్బీనగర్, నాగోలు, రాయదుర్గంలకు వచ్చి ఆగిపోతుంది. అక్కణ్నుంచి ఎవరి బండి వారిది.

ఈ ప్రాంతంలో దూరాన్ని కిలోమీటర్లలో చెప్పడం అమర్యాద. నిమిషాల్లోనే చెప్పాలి. బ్రోచరులో ఏది చూసినా, గచ్చిబౌలి అయినా విమానాశ్రయమైనా, ఇరవై నిమిషాలే. ఇది అబద్ధం కాదు, కావాలంటే లెక్క కట్టుకోవచ్చు. అవుటర్ మీద గంటకు 120 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. ఆ వేగంతో ఇరవై నిమిషాల్లో నలభై కిలోమీటర్లు పోవచ్చు. ఇంటి నుంచి అవుటర్ ఎక్కడానికి పట్టే ముక్కాలు గంట, టోల్ దగ్గర వరస, అవుటర్ దిగాక వెంచరు దాకా గేదెల వెనక సాగే ప్రయాణం మాత్రం లెక్కలోకి రావు. సైటు చూపించడానికి ఆదివారం పొద్దున్నే తీసుకెళ్లడం వెనక ఉన్న శాస్త్రం కూడా ఇదే. అదే దారిలో సోమవారం సాయంత్రం తీసుకెళ్లిన మార్కెటింగ్ మనిషి ఇప్పటిదాకా పుట్టలేదు.

దూరం తర్వాత కాలం. బ్రోచరు వ్యాకరణంలో ఉన్నది భవిష్యత్ కాలం ఒక్కటే. రీజనల్ రింగ్ రోడ్డు ట్రిపుల్ ఆర్ రాబోతోంది, లోకల్ రైలు ఎంఎంటీఎస్ రాబోతోంది, మెట్రో రెండో దశ రాబోతోంది. ఘట్‌కేసర్ దాటించి యాదగిరిగుట్ట వైపు ఎంఎంటీఎస్ పొడిగిస్తారన్న మాటను నమ్ముకుని ప్లాటు కొన్నవాళ్ల పిల్లలు ఈపాటికి ఇంజనీరింగ్‌లో చేరి ఉంటారు. కందుకూరు, ముచ్చర్ల వైపు స్థలాలను కొన్నేళ్లు ఫార్మా సిటీ పక్కన అని అమ్మారు. ప్రభుత్వం మారాక అవే స్థలాలు ఫ్యూచర్ సిటీ పక్కన అయ్యాయి. ప్లాటు ఎక్కడికీ కదల్లేదు, దాని పక్కింటివాళ్లే మారిపోయారు.

ఇక వెంచరు. వెంచరులో అన్నిటికంటే ముందు కట్టేది ఆర్చి. రోడ్డు, డ్రైనేజీ, కరెంటు స్తంభం, నీళ్ల ట్యాంకు తర్వాత వచ్చినా రాకపోయినా ఆర్చి మాత్రం ముహూర్తానికి తయారవుతుంది. దీని మీద సరైన పరిశోధన ఇంతవరకు జరగకపోవడం విచారకరం.

ఆర్చిలు ప్రధానంగా సింహాలవి, ఏనుగులవి, గుర్రాలవి. గుర్రాలు ముందు కాళ్లు పైకెత్తి ఉంటాయి, ఎత్తిన కాలి కింద వెంచరు పేరు ఉంటుంది. విదేశీ అభిరుచి గలవారు గ్రీకు స్తంభాలు వేయిస్తారు. యాదగిరిగుట్ట దారిలో గోపురం నమూనా కూడా చెల్లుతుంది. రంగు తెలుపు, అంచులకు బంగారు పూత. ముందు ఫౌంటెన్. అది ట్యాంకరు నీళ్లతో ఆదివారాల్లో మాత్రమే ఎగురుతుంది. ఆర్చి ఎత్తుకూ అనుమతి పత్రాల సంఖ్యకూ విలోమ సంబంధం ఉన్నట్టు కనిపిస్తుంది. పత్రాలన్నీ సరిగ్గా ఉన్న లేఅవుట్లలో ఒక్కోసారి రెండు సిమెంటు దిమ్మెలు, ఇనుప గొలుసు తప్ప ఏమీ ఉండవు.

ఆర్చికి గేటు ఉంటుంది, గేటుకు అటూ ఇటూ గోడ ఉండదు. వాచ్‌మన్ కారును ఆపి, రిజిస్టరులో పేరు రాయించుకుని, సెల్యూట్ కొట్టి వదులుతాడు. ఈలోగా స్తంభం పక్క నుంచి మేకల మంద ఏ రిజిస్టరులోనూ సంతకం పెట్టకుండా లోపలికి పోతుంది. ఆర్చి మీద పేరు ఏదో ఒక వ్యూ అయి ఉంటుంది: హిల్ వ్యూ, లేక్ వ్యూ. కొండ క్వారీకి సగం పోయి ఉన్నా వ్యూ ఉన్నట్టే. లేక్ వ్యూల్లో కొన్నిచోట్ల వానాకాలంలో చెరువే వచ్చి చూసి వెళుతుంది.

ఈ నగరానికి కమాన్లు కొత్త కావు. 1591 నాటి చార్మినార్‌కు ఉత్తరాన కుతుబ్‌షాహీలు నాలుగు కమాన్లు కట్టించారు. అవి చార్ కమాన్ పేరుతో ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. తేడా చిన్నది. వాటి వెనక నిజంగానే ఊరుంది.

ప్లాట్లు అమ్ముడయ్యాక ఆర్చి రెండో జీవితం మొదలవుతుంది. కంపెనీ ఇంకో మండలంలో ఇంకో ఆర్చి కట్టడానికి వెళ్లిపోతుంది. పేరులో ఒక అక్షరం రాలుతుంది, సింహం కాలిలోంచి ఇనుప చువ్వ బయటపడుతుంది, ఫౌంటెన్‌లో తుమ్మ మొలుస్తుంది. ఆర్చి అప్పుడే జనానికి పనికొస్తుంది. ఎండకు ఆటోలు ఆగుతాయి, సర్పంచి ఎన్నికల పోస్టర్లు అతికిస్తారు, పెళ్లికి ముందు ఫొటోలు తీసుకునే జంటలు వస్తాయి. కండక్టరును అడిగితే సింహాల దగ్గర దించుతాడు. వెంచరు పేరు చెబితే ఎవరికీ తెలియదు.

ఆర్చి దాటినవాడు కొన్ని పొట్టి అక్షరాలు నేర్చుకోవాలి. 2008లో ఏర్పడిన మహానగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ పరిధి దాటితే పట్టణ ప్రణాళిక శాఖ డీటీసీపీ అనుమతి ఉండాలి. పంచాయతీ లేఅవుట్ అంటే అనుమతి లేదనే మాటను మర్యాదగా చెప్పడం. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు గానీ ఎనిమిది యూనిట్లు గానీ మించిన ప్రాజెక్టును నమోదు చేయించకుండా ప్రకటన ఇవ్వకూడదు, డబ్బు తీసుకోకూడదు. అందువల్ల ప్రకటన ఇవ్వకుండా వాట్సాప్‌లో పంపుతారు, డబ్బు తీసుకోకుండా టోకెన్ తీసుకుంటారు. దీని పేరు ప్రీ లాంచ్. అడిగిన ప్రతి పత్రానికీ జవాబు ఒకటే: అప్లై చేశాం సర్, ప్రాసెస్‌లో ఉంది.

లేఅవుట్ వేసినవాడు ఎగ్గొట్టిన అనుమతిని కొన్నవాడు డబ్బు కట్టి తెచ్చుకునే ఏర్పాటు ఎల్ఆర్ఎస్. 2020లో తెలంగాణ అంతటా దానికి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. చాలావరకు కదలకుండా ఏళ్లు గడిచాక 2025లో 25 శాతం రాయితీ ఇచ్చారు. పార్కు కోసం వదలాల్సిన జాగా వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. పార్కు జాగాను ప్లాట్లుగా కోసి అమ్ముకున్నది వేరొకరు. ఆయన ఏమీ కట్టక్కర్లేదు, పైగా ఆయన ఫోను కలవదు. ఇది హాస్య వ్యాసమే గానీ ఈ పేరా రాస్తున్నప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

చెరువుల సంగతి మరో పాఠం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. ఆ జీవో రేపో మాపో ఎత్తేస్తారన్న మాట మీద అక్కడ పాతికేళ్ల పాటు అమ్మకాలు జరిగాయి. 2024లో ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి చెరువుల్లో కట్టినవాటిని కూల్చడం మొదలుపెట్టాక, అంతవరకు వాస్తు తప్ప ఏదీ అడగనివాళ్లు చెరువు నిండు మట్టం ఎఫ్‌టీఎల్ ఎక్కడి దాకా అని అడుగుతున్నారు. వాస్తు అడగడం మానారని కాదు. తూర్పు ఫేసింగ్‌కు గజానికి ఇంత అదనం అన్న పద్ధతి చెక్కుచెదరలేదు.

ఇన్ని తెలిసీ కొనడానికి కారణం అమ్మేవాడు బంధువు కావడం. ఈ వ్యాపారం నిచ్చెన మెట్ల మీద నడుస్తుంది. కింద చేరినవాడు ఎగ్జిక్యూటివ్, ఇద్దరిని చేర్పిస్తే సీనియర్, ఇంకొందరిని చేర్పిస్తే డైరెక్టర్. మెట్టు ఎక్కాలంటే మొదట చుట్టాలకు అమ్మాలి. ‘‘బావా, తూర్పు ఫేసింగు, కార్నర్ బిట్టు. నీ కోసమని టోకెన్ పడకుండా ఆపించా. అక్కతో కూడా చెప్పా’’ అని బావమరిది అన్నాక రెరా నంబరు అడిగే ధైర్యం ఏ అల్లుడికీ ఉండదు. అక్కతో చెప్పాక మిగిలింది చెక్కు రాయడమే.

డబ్బు చాలాసార్లు ఊళ్లో పొలం అమ్మితే వస్తుంది. ఎకరాల్లో పోయింది గజాల్లో తిరిగొస్తుంది. 150 గజాలంటే ఎకరంలో ముప్పై రెండో వంతు. రిజిస్ట్రేషన్‌కు ఊరి నుంచి నాన్నను కూడా తీసుకొస్తారు. ఆయన నాలుగు రాళ్ల మధ్య నిలబడి, కాలితో మట్టి గీకి, ఇక్కడ ఏం పండేదని అడుగుతాడు. మార్కెటింగ్ కుర్రాడికి తెలియదు. వాచ్‌మన్ చెబుతాడు: ముందు ఆముదాలు, తర్వాత కొన్నాళ్లు పత్తి. ఎలా తెలుసంటే ఆ పొలం వాళ్లదే. ఇద్దరూ కాసేపు బోరు లోతు గురించి మాట్లాడుకుంటారు. కొడుకు కారు స్టార్ట్ చేస్తాడు.

కొన్నవాళ్లలో అక్కడ ఇల్లు కట్టుకుని ఉండేవాళ్లు తక్కువ. 2020, 21ల్లో ఆఫీసు ఇంట్లోకి వచ్చినప్పుడు కొందరు ధైర్యం చేసి కట్టారు. కంపెనీలు వారానికి మూడు రోజులు రమ్మనేసరికి ఆ ఇళ్లకు తాళాలు పడ్డాయి. మిగిలినవాళ్లు నిజాంపేటలోనో చందానగర్‌లోనో అద్దెకు ఉంటూ, ఏడాదికోసారి వెళ్లి తుమ్మలు నరికించి, హద్దు రాళ్లు ఉన్నచోటే ఉన్నాయని చూసి వస్తారు.

అరుదుగా బ్రోచరులో రాసిన రోడ్డు నిజంగానే వస్తుంది. ఒక్కోసారి అది ప్లాటు పక్క నుంచి కాక ప్లాటు మీదుగా పోతుంది. అప్పుడు భూసేకరణ చట్టం కింద పరిహారం ఇస్తారు. దానికి ఆధారం చుట్టుపక్కల దస్తావేజుల్లో రాసిన ధర, ప్రభుత్వ విలువ. చేతిలో పెట్టిన ధర ఒకటి, స్టాంపు డ్యూటీ మిగులుతుందని దస్తావేజులో రాయించిన ధర ఒకటి. ఆ సలహా కూడా బావమరిదే ఇచ్చి ఉంటాడు.