ఓడలో నా కుక్కరు

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళలో వేలాడదీసే త్రాసు ఒకటి తప్పకుండా ఉంటుంది. విమానంలో మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. పెట్టె రెండొందల గ్రాములు ఎక్కువ తూగితే మా ఆవిడ చీర తియ్యాలా, నా పంచె తియ్యాలా అని చర్చ జరుగుతుంది. ఆ చర్చలో నా పంచె గెలిచిన దాఖలా లేదు. అందుకే డాలస్‌లో మా అమ్మాయి “నాన్నా, ఈసారి గాల్వెస్టన్ రేవు నుంచి క్రూజ్‌కి వెళ్దాం. ఓడ దగ్గర సామాను తూకం వెయ్యరు” అనగానే పొంగిపోయాను. సముద్రం చూస్తానని కాదు.

తూకం లేదు గానీ, తేకూడని వస్తువుల జాబితా ఒకటి ఉందని అమ్మాయి నా ఫోనుకి పంపింది. నేను కరెంటాఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. నిబంధనలు జనానికి చెప్పడమే గానీ, మనం చదవడం ఏ రోజూ అలవాటు లేదు. కాబట్టి చదవకుండానే సర్దాను. చిన్న రైస్ కుక్కరు, కాఫీకి నీళ్ళు కాచుకునే కెటిల్, ఇస్త్రీ పెట్టె, అగరొత్తులు, కర్పూరం, వత్తులు, ఎక్స్‌టెన్షన్ బాక్సు. కుక్కరు ఎందుకని అల్లుడు అడిగితే “మీ అత్తయ్యకి ఓడ అన్నం పడదు” అన్నాను. ఆవిడకి ఏ అన్నమైనా పడుతుంది. పడనిది నాకు.

రేవులో పెట్టెలు కూలీలకి అప్పగించేస్తే సాయంత్రానికి అవే గది గుమ్మం దగ్గరికి వస్తాయి. అందరివీ వచ్చాయి. నాది రాలేదు సరికదా, నాకే పిలుపొచ్చింది. కింది అంతస్తులో ఒక గది. వరసగా పెట్టెలు, వాటి వెనక యజమానులు. మీటరు తిప్పి దొరికిపోయినవాళ్ళు మా ఆఫీసులో ఎలా నిలబడేవారో అచ్చం అలాగే నిలబడ్డాను. సెక్యూరిటీ కుర్రాడు గోవావాడు. నా పాస్‌పోర్టు చూసి, పెట్టె తెరవకుండానే “అంకుల్, కుక్కరా?” అని హిందీలో అడిగాడు. నా దేశభక్తి దెబ్బతింది.

అప్పుడు తెలిసింది, ఓడవాళ్ళకి బరువంటే లెక్కలేదు, భయమల్లా నిప్పంటేనే. నా పెట్టెలో ఉన్నవన్నీ నిప్పు సంబంధాలే. నడిసముద్రంలో ఫైరింజను రాదు, జనం పారిపోవడానికి వీధి ఉండదు. 1934లో మోరో కాజిల్ అనే ఓడ న్యూజెర్సీ తీరానికి దగ్గర్లోనే తగలబడి 130 మందికి పైగా పోయారు. ఓడల లోపల చెక్క తగ్గి, నిప్పుకి తట్టుకునే సామగ్రి, వాటంతటవే మూసుకునే తలుపులు రావడానికి ఆ ప్రమాదం పెద్ద కారణం. అంత దూరం ఎందుకు, 2013లో ఇదే గాల్వెస్టన్ నుంచి బయల్దేరిన కార్నివల్ ట్రయంఫ్ ఇంజను గదిలో మంటలు లేచాయి. మంటలు ఆరిపోయాయి, కరెంటు మాత్రం పోయింది. నాలుగు వేల మందికి పైగా జనం, పనిచెయ్యని మరుగుదొడ్లతో రోజుల తరబడి తేలుతూ ఉంటే, చివరికి అలబామా రేవుకి లాక్కొచ్చారు. ఇది విన్నాక నా వెంట వచ్చిన మా ఆవిడ తనే అగరొత్తులు తీసి కుర్రాడి చేతిలో పెట్టింది.

కుక్కరు పోయినందుకు బాధలేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు దగ్గర మాత్రం నేను తగువుకి దిగాను. “బాబూ, దీన్లో సర్జ్ ప్రొటెక్షన్ ఉంది, మామూలుది కాదు” అన్నాను గొప్పగా. “అంకుల్, అందుకే వద్దంటున్నాం” అన్నాడు. నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను, ఎందుకంటే కారణం నాకు తెలిసినదే. ఒడ్డు మీద న్యూట్రల్ తీగని భూమికి కలుపుతాం. ఓడలో భూమి ఏదీ? మామూలుగా రెండు తీగల్నీ ఓడ ఇనుముకి కలపకుండా విడిగా ఉంచుతారు. అలా అయితే ఒక తీగ ఎక్కడైనా ఇనుముకి తగిలినా కరెంటు ఆగిపోదు. ఇళ్ళ కోసం తయారైన సర్జ్ బాక్సు అక్కడ పెడితే, అలా తీగ తగిలిన రోజున అదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. జీవితమంతా ఎర్తింగు గురించి ఉపన్యాసాలిచ్చిన మనిషిని కదా, పెన్షను తీసుకుంటున్నందుకు సిగ్గేసింది.

పెట్టెలో ఉన్న అడకత్తెర మాత్రం ఆ కుర్రాడికి అర్థంకాలేదు. తెరిచాడు, మూశాడు, వేలు పెట్టబోయి మానుకున్నాడు. వెనక్కిచ్చేశాడు.

అసలు గొడవ ఆవకాయది. ఇంట్లో చేసినవి కుదరవట, కొట్లో కొన్న సీలు తియ్యని పొట్లాలైతే ఫరవాలేదట. అంటే మా ఆవిడ స్వహస్తాలతో కలిపిన ఆవకాయ సీసా చెత్తబుట్టలోకి, ఆవిడ జన్మలో ముట్టనని శపథం పట్టిన బజారు పచ్చడి ప్యాకెట్ మా గదిలోకి. ఆ ప్యాకెట్ రహస్యంగా పెట్టింది నేనే. ఓడ గాల్వెస్టన్ దాటి చాలాసేపటిదాకా ఆవిడ నాతో మాట్లాడలేదు.

ఇంతకీ బీపీ మాత్రలు పట్టుబడ్డ పెట్టెలోనే ఉన్నాయి. మందులు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతిసంచీలో పెట్టుకోవాలని ఆ జాబితా మొదట్లోనే ఉందిట. అల్లుడు మాత్రం అయస్కాంతపు కొక్కేలు తెచ్చాడు. గది గోడలు ఇనుపవి కదా, టోపీలు, సంచులు అన్నీ వేలాడదీశాడు. నేను తడిపంచె బాల్కనీ కమ్మీ మీద ఆరేస్తే అదీ తప్పేనన్నారు. గాలికి ఎగిరి ఎవరి మొహాన పడుతుందో తెలియదుట. దర్జాగా ముస్తాబై భోంచేసే రాత్రి ఒకటుంటుంది. ఆ రాత్రి ఇస్త్రీ లేని పట్టుపంచె కట్టుకుని దిగాను. పక్క టేబులు అమెరికావిడ ఆ ముడతలు చూసి “నేతలోనే అలా వస్తుందా?” అని అడిగింది. మా అమ్మాయి తడుముకోకుండా అవునంది.

మీరు వెళ్ళేటట్టయితే పట్టుబడ్డ సామానుకి చీటీ అడిగి తీసుకోండి. దిగే రోజున అది చూపిస్తే కుక్కరు, కెటిల్, ఇస్త్రీ పెట్టె అన్నీ తిరిగి ఇచ్చేస్తారు. ఆవకాయ ఇవ్వరు.